మెడల్ చూపిస్తే ఉద్యోగం ఇస్తారా అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 28 ఏండ్లు. మాది చిత్తూరు పక్కన పల్లె. ఎనిమిదో తరగతి నుంచి కబడ్డీ ఆడతా ఉండాను, రైడర్ని, అంటే కూతకు పొయ్యేదాన్ని. ఎస్వీ యూనివర్సిటీ టీముకు ఆడినాను, జిల్లా టీముకు కెప్టెన్ చేసినాను. జూనియర్ నేషనల్స్‌లో మెడల్ ఉంది, సీనియర్ నేషనల్స్ కూడా ఆడినాను. ఇండియా క్యాంపుకు పిలిచినారు కానీ ఫైనల్ టీములో పేరు రాలేదు. 22 ఏండ్లప్పుడు ఎడమ మోకాలికి లిగమెంట్ ఆపరేషన్ అయింది. మళ్లీ ఆడితే పోయినేడు అదే మోకాలు తెగింది, మళ్లీ ఆపరేషన్. డాక్టరు ఇంక కబడ్డీ వద్దన్నాడు. కోచ్ సారు మాత్రం ఒక్క సీజన్ చూద్దామంటా ఉండాడు. బీఏలో నాలుగు పేపర్లు మిగిలిపోయినాయి. మా నాయినకు రెండు ఆవులు, రవ్వంత మామిడితోట. మా మామ తిరుపతిలో చీరల షాపులో చేరమంటాడు, నెలకు 13 వేలు. మా మండలంలో ప్రైవేటు స్కూలోళ్లు పీఈటీగా రమ్మన్నారు, 10 వేలు. ఒకాయన స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఇప్పిస్తా, మూడు లక్షలు రెడీ చేసుకో అన్నాడు. నాతో ఆడిన పిల్లలు ముగ్గురు రైల్వేలో, పోలీసులో ఉండారు. ఇండియా క్యాంపుకు పొయ్యొచ్చినదాన్ని షాపులో నిలబడితే ఊళ్లో ఏమనుకుంటారు? పొద్దున అయిదుకే మెలకువ వస్తాది, పొయ్యే చోటు ఉండదు, ఏడుపొస్తాది. ఏమి చేసేదక్కా?
— పేరు వద్దు, చిత్తూరు జిల్లా

జవాబు:

చెల్లీ, ముందు ఆ మూడు లక్షల పెద్దమనిషి సంగతి తేల్చేద్దాం. ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు, ఫోను కూడా ఎత్తొద్దు. స్పోర్ట్స్ కోటాలో డబ్బుకు దొరికేది ఏదైనా ఉందంటే అది దొంగ సర్టిఫికెట్టే. నీ దగ్గర అసలువే ఉన్నాయి. నీ కష్టాన్ని నీకే అమ్మజూపుతున్నాడు ఆయన. మీ నాన్న ఆవుల్ని అమ్మి అయినా ఇద్దామనే ఆలోచనలో ఉంటే ఇవాళే కూర్చోబెట్టి చెప్పు.

ఇక నీతో ఆడిన ముగ్గురి మాట. ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశావు కానీ, ఎక్కువ బరువున్న ముక్క అదేననిపించింది. రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ ఎప్పుడైనా మొదటి నుంచి చివరిదాకా చదివావా? వయసు 18 నుంచి 25. అందులో సడలింపు ఉండదు. లెక్కలోకి తీసుకునే మెడల్స్ కూడా ఈమధ్య రెండు మూడేళ్లలో తెచ్చుకున్నవే. వాళ్లు వెతికేది రేపు రైల్వే జెర్సీ వేసుకుని కోర్టులో దిగే మనిషి కోసం. పోలీసు టీములూ అంతే. ఆడబోయే ఆటకు ఇచ్చే ఉద్యోగం అది, ఆడేసిన ఆటకు కాదు. నీకు ఆ వయసున్నప్పుడు నువ్వు మోకాలికి కట్టుతో మంచం మీద ఉన్నావు. వాళ్ల మోకాళ్లు ఆ ఏడాది నిలబడ్డాయి, నీది నిలబడలేదు. తేడా అంతే, అంతకుమించి వెతుక్కోకు.

మన ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. ఆటల వల్ల బతుకు మారింది అనగానే అందరూ శిఖరం మీదున్నవాళ్ల పేర్లే చెబుతారు. కరణం మల్లీశ్వరి భారత ఆహార సంస్థ ఎఫ్‌సీఐలో పెద్ద హోదాకు వెళ్లి, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పి.వి.సింధుకు 2017లో మన ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ పోస్టు ఇచ్చింది. నిజమే, సంతోషమే. కానీ వాళ్లు ఒలింపిక్ మెడల్ తెచ్చినవాళ్లు. ఆ మెట్టుకు ఒకటి రెండు మెట్ల కింద ఆగిపోయి, జిల్లా పేపర్లో ఫొటో పడి, తర్వాత ఎవరూ అడగనివాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. పైగా నీది ఆడవాళ్ల కబడ్డీ. మగపిల్లలకు 2014 నుంచి ప్రో కబడ్డీ ఉంది, నాలుగు సీజన్లు ఆడితే కాస్త వెనకేసుకోవచ్చు. ఆడపిల్లలకు ఏటా జరిగే అలాంటి లీగ్ నిలదొక్కుకోలేదు. 2010లో మహిళల కబడ్డీని ఆసియా క్రీడల్లో పెట్టిన దగ్గర నుంచి మన జట్టు 2018లో ఒక్కసారే స్వర్ణం పోగొట్టుకుంది, అయినా ఇదీ పరిస్థితి. నువ్వు పదిహేనేళ్లు ఆడి చేతిలో ఏమీ మిగల్లేదంటే అది నీ చేతకానితనం కాదు.

ఒక్క సీజన్ మాటకు నా జవాబు, వద్దు. ఒకే మోకాలు రెండుసార్లు తెగింది, కోసి బాగుచేసిన డాక్టరే ఆపమన్నాడు. మీ కోచ్ సారు చెడ్డవాడని అనను. ఆయనకు టీములో అనుభవమున్న రైడర్ కావాలి, నీకు ఇంకో నలభై ఏళ్లు మెట్లెక్కి దిగే మోకాలు కావాలి. ఇద్దరి అవసరాలూ ఒకటి కావు. ఆయన దగ్గరికి వెళ్లి, నిలబడి, ‘సార్, నేను ఆపేశాను’ అని నోటితో చెప్పు. ‘చూద్దాం సార్’ అన్నంతకాలం పిలుస్తూనే ఉంటారు, నువ్వూ ఏ పనిలోనూ మనసు పెట్టవు.

ఇంకా మూసుకోని తలుపులు కొన్ని ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ శాఖల గ్రూప్-సి పోస్టుల్లో నేరుగా భర్తీ చేసే ఖాళీల్లో 5 శాతం దాకా క్రీడాకారులతో నింపుకునే వీలుంది. గరిష్ఠ వయసులో 5 ఏళ్ల దాకా, ఎస్సీ ఎస్టీలకు 10 ఏళ్ల దాకా సడలింపు ఉంటుంది. జూనియర్ నేషనల్స్ మెడల్, ఇంటర్ యూనివర్సిటీ ఆట రెండూ లెక్కకు వస్తాయి. వీటిలోనూ కొన్ని శాఖలు టీముకు ఆడేవాళ్లనే అడుగుతాయి కాబట్టి ఫీజు కట్టేముందు నోటిఫికేషన్ చివరిదాకా చదువు. మన రాష్ట్రంలో 2024 క్రీడా విధానంతో కోటా 2 నుంచి 3 శాతమైంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే 421 స్పోర్ట్స్ కోటాకు పోయాయి, గరిష్ఠ వయసు 44 పెట్టారు. అంటే టీచరు ఉద్యోగం వైపు నీకు కాలం మించిపోలేదు. కాకపోతే కోటా ఉన్నా, ఆ పోస్టుకు అడిగిన చదువు ఉండి తీరాలి. నీ నాలుగు పేపర్లు అడ్డం వచ్చేది ఇక్కడే.

ఇంకొకటి, ఇది ఈ నెలలోనే చెయ్యాల్సిన పని. కేంద్ర కోటాకు వట్టి మెడల్, ప్రశంసాపత్రం సరిపోవు. నిర్ణీత ఫారంలో సంతకాలుండాలి: నేషనల్స్‌కు ఆడినదానికి జాతీయ ఫెడరేషన్ లేదా రాష్ట్ర అసోసియేషన్ సెక్రటరీది, యూనివర్సిటీ ఆటకు అక్కడి స్పోర్ట్స్ డీన్ లేదా డైరెక్టర్‌ది. కబడ్డీలో అసోసియేషన్ల తగాదాలు నీకు నాకంటే బాగా తెలుసు. సెక్రటరీలు మారతారు, పాత స్కోరు షీట్లు ఎవరి ఇంటి అటక మీదో చెదలు పడతాయి. గుర్తింపు లేని ఫెడరేషన్ నడిపిన టోర్నమెంట్లు చెల్లవు కాబట్టి ఏది ఎవరు నడిపారో వేరుచేసుకో. నిన్ను గుర్తుపట్టే మనుషులు ఆ కుర్చీల్లో ఉండగానే వెళ్లి ఫారాలు రాయించుకో. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇచ్చి రావొద్దు, జిరాక్స్ కాపీలే ఇవ్వు.

కోటా సంగతి ఇంతటితో చాలు. దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చునే విషయం అయితే కాదు.

తిరుపతిలో, శ్రీసిటీలో కంపెనీలకు మనుషుల్ని ఎంపిక చేసే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఆటగాళ్లు ఇంటర్వ్యూకి వస్తుంటారు. తెలివికి, ఒళ్లొంచే గుణానికి లోటుండదు వాళ్లలో. ఎక్కువమంది తడబడేది జీతం దగ్గర కూడా కాదు, మళ్లీ జూనియర్ కావాల్సి రావడం దగ్గర. స్టోర్స్‌లో పనికి ఒక వాలీబాల్ అబ్బాయి వచ్చాడు, ముప్పై దాటినవాడు. అతని పైన ఉండబోయే సూపర్‌వైజరు అతనికంటే చాలా చిన్నవాడు. ఏ ప్రశ్న వేసినా ‘నేను స్టేట్ ఆడాను సార్’ అనేదే జవాబు. స్టాకు రాయడం వచ్చా అంటే స్టేట్, రాత్రి షిఫ్టు చేస్తావా అంటే స్టేట్. గర్వం కాదది, భయం. తనకున్న ఒకే ఒక్క విలువ అదేనని నమ్మి, దాన్ని పట్టుకుని వేలాడాడు. ఉద్యోగం రాలేదు. అదే కంపెనీ ప్యాకింగ్‌లోకి వెయిట్‌లిఫ్టింగ్ ఆడి మానేసిన అమ్మాయి వచ్చింది. మొదటిరోజు ఒక చిన్న నోటుబుక్కు తెచ్చుకుని, తనకంటే చిన్నపిల్ల చెబుతుంటే రాసుకుంది. బరువు నడుం మీద పడకుండా ఎలా ఎత్తాలో లైన్లో వాళ్లందరికీ తనే చూపించింది. మెడల్ మాట తను ఎత్తలేదు, వారం తిరక్కుండా అందరికీ తెలిసింది. ఇప్పుడు లైన్ ఇన్‌ఛార్జి.

నీకు రేపు ఎదురయ్యేది ఇదే. గ్రౌండులో నువ్వు అక్కవి. చిన్నపిల్లలు నీ బ్యాగు మోస్తారు, నీ పక్కన నిలబడి ఫొటో దిగుతారు. స్కూల్లో ఇరవై రెండేళ్ల క్లర్కు వచ్చి ‘మేడం, పది నిమిషాలు లేటు, రిజిస్టర్‌లో ఎర్ర సిరా పడుతుంది’ అంటుంది. ఆ మాటకు లోపల భగ్గుమంటుంది. మండనివ్వు, బయటికి రానివ్వకు. ఎనిమిదో తరగతిలో మట్టి కోర్టుకు సున్నం గీతలు గీసి, సీనియర్లకు నీళ్ల బిందె మోసి, కూత మధ్యలో ఊపిరి తెగి తిట్లు తిన్నది నువ్వే కదా. అప్పుడు ఎవరూ నిన్ను ఏ క్యాంపుకూ పిలవలేదు, అయినా మర్నాడు పొద్దున్నే వెళ్లావు. ఏమీ రానిచోటికి రోజూ వెళ్లి నేర్చుకోవడం నీ ఈడు వాళ్లందరికంటే నీకే ఎక్కువ అలవాటు. మధ్యలో సీనియర్ అయ్యావు కాబట్టి మరిచిపోయావు.

ఊళ్లో ఏమనుకుంటారు అన్నావు. అనుకుంటారు, కొన్నాళ్లు. తర్వాత మామిడికాయ ధర పడిపోతుంది, అది మాట్లాడుకుంటారు.

బయోడేటా రాసుకో. నాకు వచ్చే ఆటగాళ్ల బయోడేటాలు అన్నీ ఒకేలా ఉంటాయి: టోర్నమెంటు పేరు, ఊరు, సంవత్సరం, స్థానం, ఇలా రెండు పేజీలు. చదివే మేనేజర్‌కు సౌత్ జోన్ ఏమిటో, ఇంటర్ జోనల్ ఏమిటో తెలియదు. మెడల్స్ అన్నీ కలిపి నాలుగు లైన్లకు కుదించు. మిగతా చోటంతా ఆ మెడల్స్ వెనక నువ్వు చేసిన పనికి ఇవ్వు. జిల్లా టీము కెప్టెన్ అంటే ఏం చేస్తారో నాకు తెలుసు. పన్నెండుమంది ఆడపిల్లల్ని తిరుపతి స్టేషన్లో రైలెక్కించి, వెయిటింగ్ లిస్టు టికెట్లతో టీటీఈని బతిమాలి, తెలియని ఊళ్లో స్కూలు గదుల్లో పడుకోబెట్టి, రోజు ఖర్చులకిచ్చే డీఏ డబ్బులు రూపాయి తేడా రాకుండా పంచి, ఇంటికి ఫోన్లు చేయించి, బరువు తూచే రోజు ముందురాత్రి 75 కిలోలు దాటిన పిల్లను తిననివ్వకుండా కాపలా కాసి తిరిగి తీసుకొచ్చావు. దాన్ని ఇలా రాయి: ‘జిల్లా మహిళల జట్టు కెప్టెన్. 12 మంది సభ్యుల ప్రయాణం, వసతి, భోజన ఖర్చుల లెక్క, క్రమశిక్షణ బాధ్యతలు నిర్వహించాను.’ ఏ కంపెనీకైనా, స్కూలుకైనా, హాస్టలుకైనా ఈ వాక్యం అర్థమవుతుంది.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది ఒకటుంది: ‘28 ఏళ్లు వచ్చాయి, ఇన్నాళ్లూ ఏ ఉద్యోగమూ చెయ్యలేదే?’ ఈ ప్రశ్నకు మొహం వాడిపోతే పని చెడినట్టే. ‘కబడ్డీ ఆడాను సార్, జూనియర్ నేషనల్స్‌లో మెడల్ ఉంది. రోజుకు రెండు పూటలా ప్రాక్టీసు, అదే నా ఉద్యోగం అనుకోండి. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆపేశాను, ఇక ఆడను. ఇప్పుడు ఈ పని నేర్చుకోవడానికి వచ్చాను.’ అంతే, ఆపెయ్. ‘ఇక ఆడను’ అనే ముక్క ముఖ్యం. మేనేజర్ల మనసులో ఉండే అనుమానం, ఈ పిల్ల రేపు టోర్నమెంటు అని సెలవు పెడుతుందేమోనని. ఒత్తిడి గురించి అడిగితే డూ ఆర్ డై రైడ్ గురించి చెప్పు. రెండు రైడ్లు ఖాళీగా పోయాక మూడోదానికి వెళ్లి, ముప్పై సెకన్లలో పాయింటు తేకపోతే అవుటేనని చెప్పి, ఒక మ్యాచ్‌లో నువ్వు ఏం చూసి ఏ కార్నర్ మీదికి వెళ్లావో రెండు మాటల్లో చెప్పు. ఓడిన మ్యాచ్ అయినా పర్లేదు. ‘నేను కష్టపడతాను సార్’ అని అందరూ అంటారు, అది ఎవరి చెవికీ ఎక్కదు.

ఇప్పుడు షాపా, స్కూలా అనే ప్రశ్న. షాపు వద్దంటున్నాను. నామోషీ అని మాత్రం కాదు, మోకాలు ఒప్పుకోదు కాబట్టి. గాంధీరోడ్డులో చీరల షాపులోకి వెళ్లి ఒక గంట సేల్స్ అమ్మాయిల కాళ్లవైపు చూడు. పరుపు మీద మోకాళ్లు మడిచి కూర్చోవాలి, వెనక్కి తిరిగి అరలోంచి కట్ట తీయాలి, లేవాలి, కూర్చోవాలి. పెళ్లిళ్ల సీజన్లో పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఇదే కసరత్తు. నీకు జరిగింది రెండో ఆపరేషన్. మూడు వేలు ఎక్కువ వస్తాయని వెళితే ఆ మూడు వేలూ ఫిజియోథెరపీకే పోతాయి. మీ మామతో గొడవ పడొద్దు, ఆయన మంచికే చెప్పాడు. అదే షాపులో బిల్లింగ్ కౌంటరో, స్టాకు ఎంట్రీనో ఉంటే చూడమను, అప్పుడు ఆలోచించవచ్చు.

స్కూలుకే నా ఓటు. కానీ స్కూలు దానంతట అది నిన్ను ఎక్కడికీ తీసుకుపోదు. చదువు లేని పీఈటీకి పదేళ్ల తర్వాత కూడా పదీ పన్నెండు వేలే ఉంటుంది. పొద్దున ప్రేయర్‌కు విజిల్, మధ్యాహ్నం భోజనాల దగ్గర కాపలా, సాయంత్రం బస్సు డ్యూటీ, మధ్యలో టీచరు రాకపోతే ఆ క్లాసు. కాబట్టి ఆ ఉద్యోగం చేస్తూ చదువు పూర్తిచేయాలి. ముందు యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్లి నీ నాలుగు పేపర్లు ఏ సిలబస్‌లో, ఎప్పటిదాకా రాయొచ్చో నీ హాల్ టికెట్ నంబరుతో అడిగి తెలుసుకో. ఫోనులో చెప్పరు, స్వయంగా వెళ్లాలి. డిగ్రీ చేతికొస్తే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష దాటి, ఆటల టీచర్లకు కావాల్సిన రెండేళ్ల బీపీఈడీ చెయ్యొచ్చు. పద్మావతి మహిళా యూనివర్సిటీలోనే ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగం ఉంది. డిగ్రీ మరీ ఆలస్యమయ్యేట్టుంటే ఇంటర్ మీద చేసే డిప్లొమా, డీపీఈడీ కూడా ఉంది. పీఈసెట్‌లో రాత పరీక్ష ఉండదు కానీ పరుగు, షాట్‌పుట్, జంప్ ఉంటాయి. నీ ఆటలో నైపుణ్యం కూడా చూస్తారు, అక్కడ నీకు తిరుగులేదు. జంప్ దగ్గరే జాగ్రత్త. ఎన్ని నెలలకు మోకాలు దానికి సిద్ధమవుతుందో నీ సర్జన్‌ను, ఫిజియోను అడిగి, ఆ లెక్క చూసుకునే దరఖాస్తు పెట్టు. ఒక ఏడాది వెనక్కి పోయినా నష్టం లేదు.

కోచ్ అవుదామనే ఆలోచన ఉందో లేదో రాయలేదు. ఉంటే ఒక మాట. బాగా ఆడినవాళ్లందరూ బాగా నేర్పలేరు, నేర్పడం వేరే విద్య. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన అమ్మాయిలను ఓడించిన ఇరాన్ జట్టుకు కోచ్ ఎవరో తెలుసు కదా, నాసిక్ నుంచి వెళ్లిన శైలజా జైన్. ఆమె పేరు నిలబెట్టింది నేర్పిన ఆటే. కేంద్ర క్రీడా సంస్థ సాయ్ వాళ్లు పటియాలాలో నడిపే కోచింగ్ సంస్థ ఎన్ఐఎస్ ఏడాది డిప్లొమాకు డిగ్రీ అడుగుతారు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతారు. స్కూల్లో పిల్లలతో ఒక ఏడాది గడిపితే నీకు నేర్పే ఓపిక ఉందో లేదో నీకే తెలుస్తుంది, అప్పుడు వెళ్లు. కేంద్ర పథకం ఖేలో ఇండియా సెంటర్లలో మాజీ క్రీడాకారుల్నే శిక్షకులుగా పెట్టుకుంటారు. మన జిల్లాలో ఎక్కడ ఖాళీ ఉందో జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసులో అడిగి పేరు ఇచ్చిరా.

అసలు గ్రౌండు వాసనే పడడం లేదు, వేరే పని కావాలి అనిపిస్తే అదీ తప్పు కాదు. కేంద్ర క్రీడాశాఖ 2024 ఆగస్టు 29న ‘రీసెట్’ అనే శిక్షణ మొదలుపెట్టింది, ఆట మానేసిన 20 నుంచి 50 ఏళ్లవాళ్ల కోసం. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి ఫిజికల్ ఎడ్యుకేషన్ సంస్థ నడుపుతుంది. నేషనల్స్ ఆడినవాళ్లు అర్హులు. ఇంటర్ చదివినవాళ్లకు ఒక రకం, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఒక రకం, మొత్తం 16 కోర్సులతో మొదలైంది. కొంత ఆన్‌లైన్‌లో మన వీలును బట్టి చదువుకోవడం, కొంత నేరుగా శిక్షణ, ఇంటర్న్‌షిప్. ఫిట్‌నెస్ శిక్షణ లాంటివే కాక స్టోర్ మేనేజర్ లాంటివి కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఇచ్చినంతమాత్రాన ఉద్యోగం ఇచ్చినట్టు కాదని గుర్తుపెట్టుకుని చేరు.

పొద్దున అయిదు గంటల సంగతి చివరికి దాచుకున్నాను. పదిహేనేళ్లు ఆ గంటకు నువ్వు ఎక్కడ ఉండాలో, ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో ఇంకొకరు చెప్పారు. ఒక్కరోజులో అదంతా ఆగిపోయింది. ఏడుపు రావడంలో వింతేమీ లేదు, దాన్ని ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. లేవడం మాత్రం మానొద్దు. ఆ గంటను ఫిజియో ఇచ్చిన వ్యాయామాలకు పెట్టు, తొడ కండ బలంగా ఉంటేనే మోకాలు నిలుస్తుంది. తర్వాతి గంట ఆ నాలుగు పేపర్లకు. తిండి దగ్గర జాగ్రత్త: ఆట మానినా ఆకలి మానదు. క్యాంపులో తిన్నట్టే రెండు సంగటి ముద్దలు, నాలుగు గుడ్లు ఇప్పుడూ తింటుంటే ఆ బరువంతా మోసేది ఆ ఎడమ మోకాలే. కొండకు నడిచి వెళితే అన్నీ సర్దుకుంటాయని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. డాక్టరు సరేనన్నాక ఎక్కు తల్లీ, మొక్కు తీర్చుకో, దిగేటప్పుడు మాత్రం బస్సెక్కు. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి శిక్ష.

నిద్ర పట్టక, తిండి సయించక వారాలు గడుస్తున్నా, చచ్చిపోదామన్న తలపు ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నాయినతో కూడా చెప్పు. మగాయన, చెబితే ఏమనుకుంటాడో అనుకుంటావేమో. నిన్ను నిక్కరు వేసుకుని పక్క జిల్లాలకు పంపినందుకు ఊళ్లో ఆయన ఎన్ని మాటలు పడి ఉంటాడో నాకు ఊహించడం కష్టం కాదు.

స్కూలు కరస్పాండెంట్ దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు విషయాలు ముందే మాట్లాడుకో, చేరాక మాట్లాడితే వినరు. అపాయింట్‌మెంట్ ఆర్డరు కాగితం మీద ఇవ్వాలి, అందులో చేరిన తేదీ ఉండాలి. ఆ అనుభవం రేపు ఎక్కడైనా పనికొస్తుంది. పరీక్షల రోజుల్లో, పీఈసెట్ రోజుల్లో సెలవు ఇవ్వాలి, జీతం కోసినా సరే. బస్సు డ్యూటీ రోజు విడిచి రోజు మాత్రమే, మోకాలి ఆపరేషన్ అయిందని మొహమాటపడకుండా చెప్పు. జీతం 12 వేలు అడుగు, 11 దగ్గర ఆగుతారు. ఆ స్కూలుకు నేషనల్స్ ఆడిన పీఈటీ దొరకడం వాళ్లకు అడ్మిషన్ల సీజన్లో ఫ్లెక్సీ మీద వేసుకునేంత విషయం. ఆ సంగతి వాళ్లకు తెలుసు, నీకు కూడా తెలిసినట్టే కూర్చో.